సీసాకి సరిపడే ఫ్రీజర్

మా ఆయన ఆ సీసాను గుడ్డసంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చినప్పుడు నేను మినప్పప్పు కడుగుతున్నాను. బర్మాలో, పబేడాన్ అనే పేటలో, మూడో అంతస్తులో మా ఇల్లు. ఇడ్లీపిండి, దోసెపిండి రుబ్బి, పొట్లాలు కట్టి, చుట్టుపక్కల ఇళ్ళకీ వీధిలో టీకొట్లకీ ఇవ్వడం నా పని. ఆయనకి కింద వీధిలోనే చిన్న బట్టలకొట్టు ఉంది. ఆయన చెప్పులు గుమ్మంలో వదిలి, నా వైపు చూడకుండా వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశారు.

"ఏటండీ అది?" అన్నాను.

"ఏటీ లేదు. మందు. సల్లగా ఉంచాలంట."

"ఏటి మందు? ఎవులికి?"

ఆయన సంచీలోంచి సీసా తీశారు. ముదురు గోధుమరంగు గాజు సీసా. లోపల నీళ్ళలాంటి ద్రవం. చీటీ మీద పుర్రె బొమ్మ. నేను తడిచేతులతోనే లేచి ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడ్డాను.

"పుర్రె బొమ్మ ఉన్నది నా పిండి పక్కన పెడతారా? ఊరు ఊరంతా తింతాది ఈ పిండి!"

ఆయన సీసాను మళ్ళీ సంచీలో పెట్టి, దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకుని ముందుగదిలో కుర్చీలో కూర్చున్నారు. కోపంగా ఉన్నా, ఆ కూర్చున్న తీరు చూసి నాకు నవ్వొచ్చింది. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

అది నికోటిన్ అని తర్వాత చెప్పారు. ఆయన చుట్టల సంగతి కొంత చెప్పాలి. మా అత్తగారు అడ్డచుట్ట కాల్చిన మనిషి. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, పొయ్యి దగ్గర కూర్చుని వంట చేసుకుంటూనే మాట్లాడేది. ఆవిడ పుట్టింటివాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. ఆవిడకి చుట్ట వెలిగించి ఇవ్వడంతో మొదలైంది మా ఆయన అలవాటు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన చొక్కాల్లో, దిండులో, నా జుట్టులో కూడా ఆ వాసనే. దగ్గు ముదిరాక మానేస్తానని చాలాసార్లు అన్నారు. మానిన ప్రతిసారీ మా అందరి మీదా అరిచి, మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి మా అమ్మాయి ఒక వేప్ పరికరం కొనిచ్చింది. ఆవిరి పీల్చేది. అది వచ్చాక చుట్ట వదిలేశారు. దగ్గు చాలావరకు తగ్గింది. అదీ మంచిది కాదని నాకు తెలుసు. కానీ ఇల్లు ఇల్లులా వాసన వేయడం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

ఆ వేప్‌లో పోసే ద్రవం సంచౌంగ్ పేటలో ఒక కొట్టు నుంచి తెచ్చుకునేవారు. ఆ కొట్టు మూసేస్తున్నారు. సరుకు రావడం లేదు, ఇక వస్తుందో రాదో తెలియదు. కొట్టతను చివరి రోజుల్లో తన దగ్గర మిగిలిన చిక్కటి నికోటిన్‌ను మా ఆయనకి ఇచ్చేశాడు. దాన్ని బాగా పల్చన చేసి కలుపుకోవాలి. ఫ్రీజర్లో పెడితే ఏళ్ళ తరబడి పాడవదని చెప్పాడు.

"ఇది అయిపోతే నాను మళ్ళీ సుట్ట ముట్టుకుంతాను. నాకు తెలుసు," అన్నారు ఆయన నేల చూస్తూ.

దాంతో నా కోపం పోయింది. కానీ ఫ్రిజ్ విషయంలో మాత్రం మాట మార్చలేదు. అయితే దానికి వేరే చిన్న ఫ్రీజర్ కొందామన్నారు ఆయన.

మా అమ్మాయి పగలు ఒక మందులకొట్టులో పనిచేస్తూ, దూరవిద్యలో రసాయనశాస్త్రం చదువుతోంది. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు సగం బర్మీస్ కలుపుతుంది. సాయంత్రం వచ్చి సీసా చూసి, ముందు వాళ్ళ నాన్న చేతులు సబ్బుతో కడిగించింది. ఈ ద్రవం ఒంటి మీద పడితే చర్మంలోంచి లోపలికి పోతుందట. సీసాను ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది.

"ఇలాగే పెట్టెలో ఉంటే ఏటవుద్ది?" అని అడిగాను.

"వేడి, వెలుతురు, గాలి. మూడూ దానికి పడవమ్మా. ముందు పసుపు అవుద్ది, తర్వాత టీ రంగు. అప్పుడు గొంతులో మిరియం కొట్టినట్టు ఉంటదంట."

"మరి ఫ్రీజర్లో గడ్డకడితే సీసా పగిలిపోదా?"

"యాబాడే అమ్మా," అంది. పరవాలేదని. "అది గడ్డకట్టదు. దాన్ని గడ్డకట్టించడానికి ఇంట్లో ఫ్రీజర్ చలి చాలదు. చిక్కబడుద్ది, అంతే."

ఫ్రీజర్లో మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో కూడా గడ్డకట్టని నీళ్ళేమిటో నాకు నమ్మకం కుదరలేదు. ఈ నికోటిన్ కలిపి ఉన్నది గ్లిజరిన్‌లాంటి వాటిలోనే అని అమ్మాయి చెప్పింది. గ్లిజరిన్ మా ఇంట్లో ఉంది, మడమల పగుళ్ళకి రాసుకునేది. మర్నాడు ఆ చిన్న సీసాను గుడ్డలో చుట్టి నా ఫ్రిజ్ పైగదిలో, ఐసు పక్కన పెట్టాను. ఒక రోజంతా ఉంచి తీశాను. సీసా పగల్లేదు. వంచితే లోపలిది బెల్లప్పాకం తీగ సాగినట్టు నెమ్మదిగా జారింది. దాన్ని అటూ ఇటూ వంచుతూ చాలాసేపు కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా చల్లదనంతో బతుకుతున్నాను, పిండి పులవకుండా ఆపుతున్నాను. చల్లదనం గురించి నాకు తెలిసింది ఎంత తక్కువో అప్పుడు అనిపించింది. ఆ రోజు నుంచి ఫ్రీజర్ ఎంచే పని ఆయనది కాదు, నాది.

ముందు మా వీధి చివర కొట్టుకే వెళ్ళాం. చిన్నది కావాలన్నామని ఆ కొట్టాయన హోటల్ గదుల్లో ఉండే ఫ్రిజ్ చూపించాడు. లోపల పైన అరచెయ్యంత ఐస్ అర ఉంది. చూడ్డానికి ముద్దుగా ఉంది. మా ఆయన అప్పుడే తలుపు నిమురుతున్నారు. అమ్మాయి వెనక్కి వెళ్ళి రేకు మీద రాసింది చదివి, తల అడ్డంగా ఊపింది. అది ఐసు కట్టగలదు కానీ గట్టి చలి నిలపలేదట.

రెండో కొట్టులో నిలువు ఫ్రీజర్ ఉంది, సొరుగులతో. అందులో మంచు పేరుకోదని అమ్మే అమ్మాయి గర్వంగా చెప్పింది.

"పేరుకోకుండా ఎలగ?" అని అడిగాను. పబేడాన్ గాలిలో చెమ్మ ఎంత ఉంటుందో తెలిసినదాన్ని.

"లోపల చిన్న హీటర్ ఉంటుంది. అప్పుడప్పుడూ వెలిగి మంచు కరిగించేస్తుంది."

ఫ్రీజర్ లోపల హీటర్! నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. చేపలకీ మాంసానికీ అది ఏమీ చేయదేమో. కానీ ఏళ్ళ పాటు కదలకుండా నిద్రపోవలసిన సీసాకి అస్తమానం కాస్త వెచ్చబెట్టి మళ్ళీ చల్లబెట్టడం ఎందుకు? పైగా ఆ నిలువు తలుపు తీసినప్పుడు చల్లగాలి నా పాదాల మీద పడింది. మా ఇంట్లో కూడా రోజూ పడుతుంది. అది చలి కిందికి కారిపోవడమని నాకు ఎప్పుడూ తట్టలేదు. తలుపు ముందు ఉంటే చలి కారిపోతుంది, మూత పైన ఉంటే కుండలో నీళ్ళలా నిలుస్తుంది. అక్కడే తేల్చేశాను, పైమూత పెట్టె కావాలని.

కరెంటు సంగతి కూడా ఉంది. మా దగ్గర కరెంటు కొన్ని గంటలు ఉంటుంది, కొన్ని గంటలు ఉండదు. వచ్చినప్పుడు కూడా ఒక్కోసారి దీపం ఎర్రగా మూలుగుతూ వస్తుంది. అలాంటి చోట కావలసింది చల్లబరిచే బలం కంటే పట్టి ఉంచే బలం. కొట్లలో పైమూత పెట్టెలు ఉన్నాయి కానీ వాటిల్లో మేకను పడుకోబెట్టవచ్చు. మా మెట్లు చూస్తే మనిషి భుజాలు రెండు పక్కలా గోడకి రాసుకుంటాయి.

చివరికి అమ్మాయి ఫోన్‌లో ఒకటి కనిపెట్టింది. సంచౌంగ్‌లో ఒకరు వాడిన చిన్న పైమూత ఫ్రీజర్ అమ్ముతున్నారు. ఆదివారం ముగ్గురం బస్సెక్కి వెళ్ళాం.

బజారు వెనక సందులో కింది అంతస్తు ఇల్లు. తలుపు తీసినాయన బాగా పెద్దాయన, బర్మీస్ ఆయన, తెల్ల బనియను, లుంగీ. ఆయన్ని మేం ఊలే అని పిలిచాం, బాబాయ్ అన్నట్టు. మాటలన్నీ బర్మీస్‌లోనే జరిగాయి. ఫ్రీజర్ ముందుగదిలోనే ఉంది, నా పిండిడ్రమ్ము కంటే కాస్త పెద్దది. మూత రబ్బరు ఎక్కడా చీలలేదు. నేను కాగితం ముక్కను మూత కింద పెట్టి లాగి చూశాను. అన్ని వైపులా బిగువుగా పట్టింది. ఆయన నా వంక ఆసక్తిగా చూశారు.

"ఏం పెడతారమ్మా ఇందులో?"

"మందులు," అన్నారు మా ఆయన వెంటనే.

అబద్ధం చెప్పి వస్తువు కొనడం నాకు నచ్చలేదు. సంగతంతా చెప్పాను, చుట్టలు, సీసా, పుర్రె బొమ్మ, అన్నీ. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"అయితే మీకూ నాకూ ఒకటే బాధ," అని మూత తీశారు.

లోపల చేపలు లేవు, మాంసం లేదు. ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన చిన్న చిన్న డబ్బాలు, ఒక మూల కొద్దిగా. మిగతా చోటంతా నీళ్ళ సీసాలు, గట్టిగా గడ్డకట్టి ఉన్నాయి. ఆ డబ్బాల్లో ఉన్నది కెమెరా ఫిల్మ్. ఆయనకి ఒకప్పుడు ఫొటో స్టూడియో ఉండేదట. ఫిల్మ్ దొరకడం తగ్గిపోతున్నప్పుడు దొరికినంత కొని ఇందులో దాచారు. ఫిల్మ్‌కి కూడా వేడి పడదు.

"కరెంటు పోతే ఎంతసేపు ఆగుతుంది ఊలే?" అని అడిగాను.

"నా మాట ఎందుకు, నువ్వే చూడు," అని ఒక చిన్న ప్లాస్టిక్ సీసా తీసి ఇచ్చారు. సగం వరకు నీళ్ళు పోసి గడ్డకట్టించి, తర్వాత దాన్ని తలకిందులుగా లోపల ఉంచారట. ఐసు సీసా పైభాగంలోనే అతుక్కుని ఉంది, కింద సగం ఖాళీ. "ఎప్పుడైనా లోపల కరిగితే నీళ్ళు మూతవైపు జారి, అక్కడ గడ్డకడతాయి. నేను ఇంట్లో లేనప్పుడు ఏం జరిగిందో ఇది చెబుతుంది. ఇంతవరకు జారలేదు."

నేను ఆ సీసాను వెలుతురులోకి ఎత్తి చూశాను. అంత చిన్న ఉపాయం నాకు ఎందుకు తట్టలేదా అని కాదు, ఇంకా ఇలాంటివి ఎన్ని ఉన్నాయో అని సరదా పుట్టింది. అడుగుతూ పోయాను. ఆయన చెబుతూ పోయారు. ఖాళీ ఉంటే చలి తొందరగా పోతుంది కాబట్టి నీళ్ళ సీసాలతో నింపాలి. బయటికి తీసినది వెంటనే తెరవకూడదు, మూత తీయకుండానే గది వేడికి రానివ్వాలి, లేకపోతే గాలిలో చెమ్మ లోపలికి దిగుతుంది. ఆ మాటకి అమ్మాయి తలెత్తింది. "నికోటిన్‌కీ అంతే," అంది.

తీసుకుంటామని చెప్పాం. ఆయన సరేనన్నారు. తర్వాత మూత మీద చెయ్యి వేసి, అలాగే నిలబడిపోయారు.

"మోకాళ్ళు పనిచేయడం లేదు. కొడుకు ఇంటికి వెళ్ళిపోతున్నాను. వాళ్ళ ఫ్రిజ్‌లో చోటు లేదు. ఈ కొద్ది డబ్బాలూ మీ దగ్గరే ఓ మూల ఉంచుకోగలరా?"

మా ఆయన ఊ అనబోయారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. "ఊలే, ఇందులో మేం విషం పెడుతున్నాం. దాని పక్కన ఇంకేమీ పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. నా పిండి కూడా పెట్టను," అన్నాను. చెప్పడానికి కష్టంగానే ఉంది.

ఆయన తలూపారు. అప్పుడు మా అమ్మాయి అడిగింది, "దాచడం ఎందుకు ఊలే? వాడెయ్యొచ్చు కదా?"

"వాడటానికే దాచాను," అన్నారాయన. "తర్వాత తర్వాత ఏ ఫొటో తీద్దామన్నా, దీనికి ఖర్చుపెట్టేంత విలువ లేదులే అనిపించేది. అలా దాచడమే అలవాటైపోయింది." మూత మీంచి చెయ్యి తీసి, "మీ ఇంటికి ఈ పెట్టెను ఎలా ఎక్కిస్తారు?" అని అడిగారు.

మెట్ల మీంచి పట్టదని, బయట నుంచి తాళ్ళతో లాగిస్తామని చెప్పాను. ఆయన ముఖం మారింది.

"నేను వచ్చి చూడొచ్చా?"

ఆయన వచ్చారు. మెడలో నల్లటి పాత కెమెరా, టాక్సీలోంచి కర్ర పట్టుకుని దిగి, మా ఎదుటి టీకొట్టులో బల్ల దగ్గర కూర్చున్నారు. మేడ మీద దూలానికి కప్పీ కట్టించాం. మా వీధిలో ప్రతి బాల్కనీ నుంచీ కిందికి తాళ్ళు వేలాడుతుంటాయి, పాలూ పేపరూ క్లిప్పుకి పెడితే పైకి లాక్కోవడానికి. ఆ రోజు అందరూ తమ తాళ్ళు పైకి చుట్టేసుకుని బాల్కనీల్లో నిలబడ్డారు. ముగ్గురు మనుషులు కింద తాడు లాగుతుంటే ఫ్రీజర్ దుప్పట్లలో చుట్టుకుని నెమ్మదిగా లేచింది. నిలువుగానే ఉండాలి, పక్కకి ఒరగకూడదని ఊలే కింద నుంచి అరుస్తున్నారు. ఒరిగితే కంప్రెసర్‌లో నూనె ఎక్కడికో పోతుందట.

రెండో అంతస్తు దగ్గర దాని వైరు కిందింటి వాళ్ళ బోర్డుకి తగులుకుంది. పెట్టె గిర్రున తిరిగి గోడవైపు ఊగింది. వీధంతా "ఆ!" అంది. మా ఆయన బాల్కనీలోంచి నడుము దాకా బయటికి వంగి, రెండు చేతులూ చాపి, "ఆపండి! ఆపండ్రా బాబూ! నా ఫ్రీజరు!" అని తెలుగులో కేకలు. లాగేవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆగారు. నేను వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకున్నాను. కిందింటి ఆవిడ కర్రతో వైరు తప్పించింది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. "మీ లా బీ!" అని వీధి పొడవునా అరుపులు, దీపం వచ్చిందని. లాగేవాళ్ళు నవ్వుతూనే మిగతా ఎత్తు లాగేశారు.

పెట్టె గదిలో నిలిచాక చూస్తే ఊలే ఇంకా కిందే ఉన్నారు. ఒక రీలు మొత్తం అయిపోయిందని చేతులు ఊపి చెప్పారు. ఆయన ముఖంలో అలసట లేదు.

ఆయన చెప్పినట్టే మర్నాటి దాకా స్విచ్ వేయలేదు. ఓల్టేజి హెచ్చుతగ్గుల నుంచి కాపాడే సేఫ్‌గార్డ్ తగిలించాం. రెండు రోజులు చల్లబడనిచ్చాక అమ్మాయి తాళంచెవి బయటికి తీసింది. బాల్కనీలో, గాలి ఆడే చోట, చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, పెద్దసీసాలోది చిన్న గోధుమరంగు సీసాల్లోకి వంపింది. గాలికి చోటు ఉండకూడదని దాదాపు అంచుల దాకా నింపింది. పెద్దసీసాను అస్తమానం తెరవక్కర లేకుండా, కావలసినప్పుడు ఒక్కటే తీసుకోవచ్చని. ప్రతి దాని మీదా తెలుగులో, బర్మీస్‌లో విషం అని రాసింది. మా ఆయన్ని ఆ దరిదాపులకి రానివ్వలేదు. ఆయన గుమ్మంలో నిలబడి మెడ చాచి చూస్తూనే ఉన్నారు. మిగిలిన చోటు నేను నీళ్ళ సీసాలతో నింపాను. సగం నిండిన సీసా ఒకటి తలకిందులుగా పెట్టాను. మూతకి తాళం పడింది.

వానాకాలంలో ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. ఒక పగలు, ఒక రాత్రి దాటినా కరెంటు రాలేదు. నా ఫ్రిజ్‌లో పిండి పులిసి పొంగింది. పారబొయ్యలేక అట్లు పోసి మెట్ల మీద అందరికీ పెట్టాను. ఫ్రీజర్ మూత మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. మా ఆయన దాని చుట్టూ తిరిగి మూత మీద చెవి పెట్టేవారు, ఏమి వినిపిస్తుందో మరి. కరెంటు వచ్చి, అది మళ్ళీ బాగా చల్లబడ్డాక మూత తీశాం. తలకిందుల సీసాలో ఐసు పైనే ఉంది. ఒక అంచు మాత్రం కాస్త గుండ్రంగా కరిగి మళ్ళీ గట్టిపడింది.

ఊలే ఫొటోలు కడిగించడానికి ఎవరూ దొరకక తానే స్నానాలగదిలో కడుక్కున్నారు. చాలావాటికి మబ్బు పట్టినట్టు బూడిదరంగు కమ్మింది. కొన్ని బాగా వచ్చాయి. కొడుకు చేత మాకు ఒకటి పంపారు. నోరంతా తెరిచి, చేతులు చాపి గాలిలోకి వంగిన మా ఆయన. వెనక నేను కనిపించను, చొక్కా పట్టుకున్న నా పిడికిలి మాత్రం కనిపిస్తుంది. మిగతా రీళ్ళు కూడా ఆయన దాచలేదు. కొడుకు ఉండే వీధిలో పిల్లల్ని, కుక్కల్ని, కనిపించినదల్లా తీస్తున్నారట.

మొన్న చిన్నసీసాల్లో ఒకదాన్ని తీశాం. గుడ్డలో చుట్టి, మూత తీయకుండా, గది వేడికి వచ్చేదాకా తాళం వేసిన పెట్టెలో ఉంచాం. నేను మధ్యమధ్య పిండి వదిలి వచ్చి ఎంతయిందని అడుగుతూనే ఉన్నాను. అమ్మాయి గాజు గొట్టంతో కొద్దిగా తీసి తెల్లకాగితం ముందు పట్టుకుంది. ముగ్గురం వంగి చూశాం. ఎండుగడ్డి రంగులో కాస్త పసుపు ఉందని అమ్మాయి అంది. నాకు నీళ్ళలానే కనిపించింది.

"ఎప్పటంత కలపనా నాన్నా?" అని అడిగింది.

ఆయన కొంచెం ఆలోచించారు. "సగమే కలుపు. చూద్దాం, ఏటవుద్దో," అన్నారు.

"మరి ఇదంతా ఎవులికి దాచినట్టండీ?" అన్నాను.

ఆయన నవ్వారు. అమ్మాయి సగమే కలిపింది. నేను అమ్మాయి విప్పిన తొడుగులు తీసి పారేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని, పప్పు నానబొయ్యడానికి వెళ్ళాను.